వాగులో పడ్డ నత్రజని ఎటు పోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మూసీ మీద ప్రాజెక్టు పెట్టుకున్న డిగ్రీ పిల్లలు, చేపల చెరువులవాళ్లు, వాటర్ టెస్ట్ రిపోర్టు చేతిలో పట్టుకుని "ఇది మంచిదా, చెడ్డదా?" అని అడిగేవాళ్లు, అందరి ప్రశ్నలూ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. ఫార్ములాలు లేకుండా రాశాను. టెన్త్ సైన్స్ కాస్త గుర్తుంటే చాలు.

గాలిలో 78 శాతం నైట్రోజనే కదా, నీళ్లలో ఇంకాస్త చేరితే ఏం పోయింది?

గాలిలో ఉన్నది ఎవరి జోలికీ పోని నైట్రోజన్. రెండు పరమాణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి, వాటిని విడదీయడం మొక్కల వల్ల కూడా కాదు. మనకు టెన్షన్ తెచ్చేది అలా విడిపోయి వేరే రూపాల్లోకి వచ్చిన నైట్రోజన్: యూరియా, అమోనియం (నీళ్లలో అమోనియా ఎక్కువగా ఉండే రూపం), నైట్రైట్, నైట్రేట్. ఇవి నాచుకు, కలుపుకు, బ్యాక్టీరియాకు నేరుగా తిండి.

ఒకప్పుడు గాలి నైట్రోజన్‌ను ఇలా మార్చే పని మెరుపులది, కొన్ని బ్యాక్టీరియాలదే. 1913లో జర్మనీలోని ఒపావులో హేబర్-బాష్ పద్ధతితో అమోనియా ఫ్యాక్టరీ మొదలయ్యాక లెక్క మారిపోయింది. ఇవాళ మనం వాడే 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే దాదాపు 20.7 కిలోలు, నైట్రోజనే. పైరు తీసుకోగా మిగిలింది కొంత గాలిలోకి, కొంత నేలలోకి పోతుంది, కొంత వాగుల్లో తేలుతుంది.

వాగులోకి ఎన్ని దారుల్లో వస్తుంది?

కుళ్లిన ఆకులు, వాన, పశువుల పేడ, ఎరువులు, మురుగు. మనిషి ఒంట్లోంచి రోజుకు సుమారు పది గ్రాముల పైనే నైట్రోజన్ బయటికి పోతుంది, అందులో ఎక్కువ మూత్రంలోనే. ఊరి జనాభాతో గుణించి చూడండి, చిన్న టౌనుకు కూడా లెక్క టన్నుల్లో తేలుతుంది.

చాలామంది మర్చిపోయే దారి భూగర్భజలం. వాన లేని రోజుల్లో వాగులో పారేది నేలలోంచి ఊరిన నీరే. కొన్నేళ్ల కిందట పొలంలోంచి కిందికి దిగిన నైట్రేట్ ఇప్పుడు ఊటగా బయటపడుతుండవచ్చు. అందుకే ఎరువులు తగ్గించిన మరుసటి ఏడాదే వాగు బాగుపడలేదని నిరాశపడకూడదు.

సూక్ష్మజీవులు దీన్ని ఏం చేస్తాయి?

మొదటి పని కుళ్లబెట్టడం. ప్రోటీన్లను, యూరియాను విడగొట్టి అమోనియంగా మారుస్తాయి. దీనికి పెద్ద ప్రత్యేకత అక్కర్లేదు, చాలా రకాల బ్యాక్టీరియాలు, బూజులు చేసేస్తాయి.

రెండో పని నైట్రిఫికేషన్. అమోనియాన్ని ఆక్సిజన్‌తో కలిపి ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చడం. ఇది జీవుల పని అని తెలిసిన తీరు నాకు చాలా ఇష్టం. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, మ్యుంట్జ్ అనే ఇద్దరు ఒక గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి పైనుంచి మురుగునీరు మెల్లగా పోస్తూ వచ్చారు. ఇరవై రోజుల వరకు కింద అదే అమోనియా వచ్చింది. తర్వాత అమోనియా తగ్గి నైట్రేట్ రావడం మొదలైంది. కేవలం రసాయన చర్య అయితే ఇరవై రోజులు ఆగాల్సిన పనేముంది? గొట్టంలోకి క్లోరోఫామ్ ఆవిరి పంపారు, నైట్రేట్ ఆగిపోయింది. క్లోరోఫామ్ తీసేసి కాస్త మట్టి కడిగిన నీళ్లు పోస్తే మళ్లీ మొదలైంది. ఆ బ్యాక్టీరియాలను విడిగా పెంచి చూపించింది సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ, 1890 ప్రాంతంలో.

ఆ ఇరవై రోజుల ఆలస్యాన్ని గుర్తుపెట్టుకోండి. నైట్రిఫికేషన్ చేసే జీవులు చాలా నెమ్మదిగా పెరుగుతాయి. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా ఇరవై నిమిషాల్లో రెట్టింపైతే వీటికి ఒక రోజో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. కింద మూసీ గురించి చెప్పేటప్పుడు ఇది మళ్లీ పనికొస్తుంది.

మూడో పని డీనైట్రిఫికేషన్. ఆక్సిజన్ దొరకని చోట కొన్ని బ్యాక్టీరియాలు దాని బదులు నైట్రేట్‌తో శ్వాసిస్తాయి. నైట్రేట్ మెట్టుమెట్టుగా నైట్రైట్, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్ అయి చివరికి మామూలు నైట్రోజన్ వాయువై గాలిలో కలిసిపోతుంది. ఊరికే కాదు, వాటికి కార్బన్ ఉన్న తిండి కూడా కావాలి: కుళ్లిన ఆకులు, నాచు ముక్కలు, బురద. మిగతా దారులన్నీ నైట్రోజన్‌ను నీళ్లలోనే ఒక రూపం నుంచి ఇంకో రూపానికి తిప్పుతాయి. నీళ్లలోంచి పూర్తిగా బయటికి పంపే పెద్ద దారి ఇదే.

ఇదంతా పారే నీళ్లలోనే జరుగుతుందా?

చాలావరకు కాదు. అడుగున జరుగుతుంది.

నడుము దించి వాగులోంచి ఒక గులకరాయి తీయండి. పైన వేలికి జారుతున్న గోధుమ-ఆకుపచ్చ పొర ఉంటుంది. నాచు, బ్యాక్టీరియా, అవి వదిలిన జిగురు కలిసి ఆ పొర. మందం గోరంత కూడా ఉండదు, అయినా దాని పైభాగంలో ఆక్సిజన్ పుష్కలంగా ఉంటే కింది భాగంలో చాలా తక్కువ. తర్వాత నీళ్లు నెమ్మదిగా పారే చోట ఇసుకలో చెయ్యి పెట్టి ఒక దోసెడు అడ్డంగా కోసి చూడండి. పైన కొన్ని మిల్లీమీటర్లు గోధుమరంగు, ఆ కింద బూడిద, ఇంకా కింద నలుపు. ఆ రంగు మారే గీత దగ్గరే ఆక్సిజన్ అయిపోతుంది. గీతకు పైన అమోనియం నైట్రేట్ అవుతుంది, ఆ నైట్రేట్ రెండు మిల్లీమీటర్లు కిందికి జారితే గ్యాసయిపోతుంది.

దీనికి తోడు వాగు నీరు పైన పారినట్టే ఇసుకలోంచి కూడా పారుతుంది. ఇసుక తిన్నె ఎగువన లోపలికి దిగి, దిగువన మళ్లీ బయటికి వస్తుంది. ఆ కొన్ని గంటల ప్రయాణంలో బ్యాక్టీరియా చేతికి చిక్కుతుంది. ఇసుక తోడేస్తే పోయేది ఇసుక ఒక్కటే కాదు, ఈ కార్ఖానా మొత్తం.

ఆక్సిజన్ ఉంటే నైట్రేట్ తయారవుతుంది, లేకపోతే పోతుంది. మరి నదికి ఆక్సిజన్ ఉండాలా, వద్దా?

రెండూ పక్కపక్కనే ఉండాలి. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

నది మొత్తం ఆక్సిజన్ లేకుండా చచ్చిపోతే అమోనియం నైట్రేట్‌గా మారదు. నైట్రేట్ లేకపోతే డీనైట్రిఫికేషన్ చేసేవాటికి సరుకే లేదు. అమోనియం అలాగే దిగువకు పోతుంది. దీనికి వ్యతిరేకంగా, గట్లకూ అడుగుకూ సిమెంటు పోసి నున్నగా చేసిన కాలువలో ఆక్సిజన్ ఉన్నా, ఆక్సిజన్ లేని మూలలు లేవు. నైట్రేట్ తయారై అలాగే జారిపోతుంది. వంపులు, ఇసుక మేటలు, ఆకులు పోగయ్యే మడుగులు, రాళ్ల మీద దూకే చిన్న జలపాతాలు, గట్టున వేళ్లు పెనవేసుకున్న చెట్లు ఉన్న వాగులో ప్రతి అడుగుకూ ఆ రెండు రకాల చోట్లూ ఉంటాయి. కంటికి చిందరవందరగా కనిపించే వాగే ఈ పని బాగా చేస్తుంది. సుందరీకరణ ప్లాన్లు గీసేవాళ్లకు ఇది చెబితే నచ్చదు.

అమోనియాను నేరుగా గ్యాసు చేసే బ్యాక్టీరియా ఉందని విన్నాను, నిజమేనా?

నిజమే. అనామాక్స్ అంటారు. ఇలాంటి చర్య జరగాలని 1977లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎంగెల్‌బెర్ట్ బ్రోడా లెక్కలు కట్టి చెప్పాడు, నెదర్లాండ్స్‌లో ఒక మురుగు శుద్ధి రియాక్టరులో 1990ల్లో అది బయటపడింది. అమోనియంనూ నైట్రైట్‌నూ కలిపి ఆక్సిజన్ లేకుండానే నైట్రోజన్ వాయువు చేస్తాయి. నది అడుగు మట్టిలో కూడా ఉంటాయి గానీ, మామూలుగా పెద్ద వాటా డీనైట్రిఫికేషన్‌దే. ఇంకో విశేషం: అమోనియా నుంచి నైట్రేట్ దాకా రెండు మెట్లూ ఒక్కటే ఎక్కగల నైట్రోస్పైరా అనే బ్యాక్టీరియా రకాలు 2015లో దొరికాయి. అప్పటిదాకా పాఠాలన్నీ రెండు రకాల బ్యాక్టీరియాలు తప్పనిసరి అనే చెప్పేవి.

నైట్రేట్ తగ్గిందంటే అంతా గ్యాసయి పోయినట్టేనా?

కాదు, చాలా ప్రాజెక్టు రిపోర్టులు ఇక్కడే తప్పుతాయి. కొంత నాచు ఒంట్లో చేరుతుంది, కొంత బ్యాక్టీరియా ఒంట్లో చేరుతుంది. ఆక్సిజన్ లేని, కార్బన్ విపరీతంగా ఉన్న బురదలో కొన్ని జీవులు నైట్రేట్‌ను వెనక్కి తిప్పి మళ్లీ అమోనియం చేస్తాయి. నాచు చచ్చి కుళ్లితే అందులోది మళ్లీ నీళ్లలోకి వస్తుంది, కొంత దూరం పోయాక ఇంకో రాయి మీది పొర పట్టుకుంటుంది.

అమెరికాలో దీన్ని గట్టిగా కొలిచారు. నైట్రోజన్-15 అనే బరువైన ఐసోటోపును గుర్తుగా వాగులో కలిపి అది ఎటు పోయిందో వెంబడించారు. లింక్స్ అనే ఆ ప్రయోగాల మొదటి విడత ఫలితాలు 2001లో వచ్చాయి: చిన్న వాగుల్లో అమోనియం కొన్ని పదుల నుంచి వందల మీటర్ల లోపే నీళ్లలోంచి మాయమవుతోంది. రెండో విడత 72 వాగుల్లో నైట్రేట్‌తో చేసి 2008లో ప్రచురించారు. అడవి వాగులు, పొలాల వాగులు, ఊళ్ల వాగులు అన్నీ ఉన్నాయి అందులో. వాటిలో సగం వాగుల్లో, మాయమైన నైట్రేట్‌లో గ్యాసయిన వాటా 16 శాతం లోపే. మిగతాదంతా తాత్కాలికంగా ఎవరి ఒంట్లోనో దాగింది.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి తేలింది. నైట్రేట్ పెరిగేకొద్దీ వాగు పని మొత్తంగా పెరుగుతుంది, కానీ అందులో తీసేయగలిగే శాతం పడిపోతుంది. "నది తనను తాను శుభ్రం చేసుకుంటుంది" అనే మాట కొంత మేరకే నిజం, ఎంత ఎక్కువ వేస్తే అంత తక్కువ నిజం.

గోదావరి, కృష్ణ ఉండగా చిన్న వాగుల గురించి ఇంత గోల ఎందుకు?

లోతు తక్కువ కాబట్టి. మోకాలి లోతు వాగులో ప్రతి నీటి బొట్టూ మాటిమాటికీ అడుగును తాకుతుంది. పది మీటర్ల లోతు నదిలో పైన పోయే నీటికి అడుగుతో పరిచయమే ఉండదు. పైగా ఒక నదీ పరీవాహకంలో మొత్తం పొడవు లెక్కేస్తే ఎక్కువ భాగం పేరు లేని వాగులూ వంకలే. వాటినే ముందు పూడ్చి వెంచర్లు వేస్తున్నాం. పెద్ద నదులు అసలు పని చేయవని కాదు, వాటికి దూరమూ టైమూ ఎక్కువ కాబట్టి అవీ కొంత తీసేస్తాయి.

మూసీలో పరిస్థితి ఏంటి?

అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా సుమారు 240 కిలోమీటర్లు. ఎగువ నీటిని జంట జలాశయాలు (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) ఆపేస్తాయి కాబట్టి ఎండాకాలం హైదరాబాద్‌లో పారేది ముఖ్యంగా నగరం వదిలిన నీరే. మురుగులో నైట్రోజన్ ఎక్కువగా అమోనియం రూపంలోనే వస్తుంది. నదిలో పడగానే మురుగులోని కార్బన్‌ను తినే బ్యాక్టీరియాలు గబగబా పెరిగి ఉన్న ఆక్సిజన్ అంతా వాడేస్తాయి. నెమ్మదిగా పెరిగే నైట్రిఫికేషన్ జీవులకు ఏమీ మిగలదు. వాటికేమో ఆకలి పెద్దది: ఒక గ్రాము అమోనియా నైట్రోజన్ నైట్రేట్ కావాలంటే దాదాపు 4.6 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 30 డిగ్రీల ఎండలో లీటరు నీళ్లలో పట్టేదే ఏడున్నర మిల్లీగ్రాములు. లీటరులో 20 మిల్లీగ్రాముల అమోనియా నైట్రోజన్ ఉంటే ఎంత కావాలో మీరే లెక్కేయండి.

శుద్ధి ప్లాంట్లు ఉన్నాయి కదా అంటారు. అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ (రోజుకు 33.9 కోట్ల లీటర్ల) పాత ప్లాంటు యూఏఎస్‌బీ పద్ధతిది, అంటే ముఖ్య రియాక్టరు ఆక్సిజన్ లేకుండా పనిచేస్తుంది. కార్బన్ తగ్గించడంలో ఆ పద్ధతికి పేరుంది, కరెంటు ఖర్చు తక్కువ. కానీ అమోనియాను అది కదిలించదు. కొత్త ప్లాంట్లలో ఎక్కువగా వాడుతున్న ఎస్‌బీఆర్ పద్ధతిలో ఒకే ట్యాంకులో కాసేపు గాలి ఊది కాసేపు ఆపుతారు. వాగు పక్కపక్కన చేసే పనినే ఒకదాని తర్వాత ఒకటిగా చేయిస్తారన్నమాట. సరిగ్గా నడిపితే నైట్రోజన్ బాగా తగ్గుతుంది.

నగరం దాటాక నది మీద వరసగా కత్వలు, అంటే అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు, ఉన్నాయి. సంగెం దగ్గర భీమలింగం కత్వ చాలామందికి తెలుసు. సాగునీటి కోసం కట్టినవే అయినా ఇవి తెలియకుండా ఇంకో పని చేస్తున్నాయి. కత్వ వెనక నీరు నిలిచి మడ్డి అడుగుకు దిగుతుంది, అక్కడ ఆక్సిజన్ ఉండదు. కత్వ మీంచి దూకేటప్పుడు గాలి కలుస్తుంది. ఉప్పల్, పీర్జాదిగూడ వైపు ఈ నీటితో పెంచే పశువుల గడ్డి, దిగువన వరి కూడా నైట్రోజన్ లాగుతాయి. అందుకే దిగువకు పోయేకొద్దీ నీరు కొంత మెరుగవుతుంది. ఆ భారం మోసేది మాత్రం మధ్యలో ఉన్న ఊళ్లు.

ఆ కుళ్లు వాసన అమోనియాదా?

ఎక్కువగా కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఆక్సిజన్ అయిపోయాక బ్యాక్టీరియా ముందు నైట్రేట్‌ను వాడతాయి, అదీ అయిపోయాకే సల్ఫేట్ వైపు వెళ్తాయి. అంటే గుడ్డు కుళ్లిన వాసన వస్తోందంటే ఆ బురదలో నైట్రేట్ మిగల్లేదని అర్థం. మురుగు పైపుల్లో వాసన ఆపడానికి కావాలనే నైట్రేట్ కలిపే పద్ధతి కూడా ఉంది.

మరి నురగ?

సబ్బులు, డిటర్జెంట్ల పని. నైట్రోజన్‌కు సంబంధం లేదు.

గుర్రపుడెక్క నైట్రోజన్ పీల్చుకుంటుంది కదా, పెరగనిస్తే మంచిదేగా?

పీల్చుకుంటుంది, బాగానే పీల్చుకుంటుంది. కానీ తీసి బయట పడేస్తేనే లాభం. నీళ్లలోనే చచ్చి కుళ్లితే తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది, పైగా పైన చాపలా పరుచుకుని గాలి తగలనివ్వదు. తీసి గట్టు మీదే కుప్ప పోస్తే మొదటి వానకే రసం మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. జేసీబీతో తీసి ఫొటోలు దిగి కుప్పలు అక్కడే వదిలేసే తంతు ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాం.

తెల్లారేసరికి చేపలు చచ్చి తేలాయి. అమోనియా వల్లేనా?

ముందు ఆక్సిజన్‌ను అనుమానించండి. రాత్రంతా నాచు కూడా శ్వాసిస్తుంది, కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. తొలకరి వాన కాలువల్లో పేరుకున్న మడ్డినంతా ఒక్కసారిగా తోసుకొచ్చినప్పుడూ ఇదే జరుగుతుంది.

సాయంత్రం పూట చచ్చాయంటే అమోనియాకు అవకాశం ఎక్కువ. చేపలకు విషం అమోనియం కాదు, విడి అమోనియా. రెండిటి పాళ్లను పీహెచ్ నిర్ణయిస్తుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో విడి అమోనియా ఒక శాతం లోపు, 8లో ఏడెనిమిది శాతం, 9లో 45 శాతం. ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసి పీహెచ్ పెంచుతుంది, పొద్దున పర్వాలేదనిపించిన నీరే మధ్యాహ్నానికి విషమవుతుంది. చేపలకు పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు లీటరుకు 1.2 మిల్లీగ్రాముల విడి అమోనియా నైట్రోజన్. నన్నడిగితే అది చాలా ఉదారమైన హద్దు, చాలా చేపలు అంతకన్నా తక్కువకే ఇబ్బంది పడతాయి. మొప్పలు చాక్లెట్ రంగులో ఉంటే నైట్రైట్‌ను అనుమానించాలి, అది రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది.

రిపోర్టులో నైట్రేట్ 12 అని ఉంది. తాగొచ్చా?

పక్కన ఏం రాశారో చూడాలి. "నైట్రేట్‌గా" అయితే తాగునీటికి మన దేశపు హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, దానికి 12 చాలా తక్కువ. "నైట్రేట్ నైట్రోజన్‌గా" అయితే 12ను 4.43తో గుణించండి, 53 వస్తుంది, హద్దు దాటినట్టే. ఒకే నీటికి రెండు ల్యాబులు రెండు అంకెలు ఇచ్చాయని గొడవపడేవాళ్లలో చాలామంది విషయం ఇదే. నైట్రేట్ ఒక్కటి సరిపోయినంత మాత్రాన వాగు నీరు తాగడానికి పనికొస్తుందని కాదు, మిగతా పరీక్షలూ కావాలి.

మరిగిస్తే పోతుందా?

పోదు. నీరు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో తగ్గిస్తుంది. పాలు తాగే పసిపిల్లల విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు.

డీనైట్రిఫికేషన్ వల్ల వాతావరణానికి నష్టం లేదా?

కొంత ఉంది. చివరి మెట్టు పూర్తికాకపోతే నైట్రస్ ఆక్సైడ్ బయటికి పోతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు వేడిని పట్టే వాయువు. పైన చెప్పిన 72 వాగుల్లోనే దీన్నీ కొలిచి 2011లో ప్రచురించారు: గ్యాసయిన నైట్రోజన్‌లో నైట్రస్ ఆక్సైడ్‌గా పోయింది ఒక శాతం లోపు. శాతం చిన్నదే, కానీ ప్రపంచ నదులన్నిటికీ లెక్క కడితే ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ అప్పటి అంచనాకు మూడు రెట్లు తేలింది.

మనం వదిలింది సముద్రంలో ఏమవుతుంది?

మిసిసిపీ నది మోసుకొచ్చే నైట్రోజన్ వల్ల మెక్సికో సింధుశాఖలో ప్రతి ఎండాకాలం అడుగు నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. కొలిచినవాటిలో అతి పెద్దది 2017లో, సుమారు 22,700 చదరపు కిలోమీటర్లు. మన బంగాళాఖాతం కథ వేరు. అక్కడ లోతున ఆక్సిజన్ దాదాపు సున్నా, అయినా అరేబియా సముద్రంలోలా నైట్రోజన్ పెద్దగా గ్యాసయి పోవడం లేదు. కారణం, 2016లో వెలువడిన పరిశోధన ప్రకారం, పరికరాలకు కూడా సరిగా అందనంత లేశమాత్రపు ఆక్సిజన్ ఇంకా మిగిలి ఉండటం. నైట్రైట్ మళ్లీ నైట్రేట్ అయిపోవడానికి ఆ లేశం చాలు. అది కూడా అయిపోతే లెక్క మారుతుంది. గోదావరి, కృష్ణ, గంగ అన్నీ అక్కడికే పోతాయి.

బ్యాక్టీరియా పొడి, ఎంజైమ్ ద్రావణం అమ్ముతున్నారు. నాలాలో వేస్తే పనిచేస్తుందా?

డబ్బు దండగ అనే నా అభిప్రాయం. వాగు అడుగున గ్రాము బురదలోనే కోట్ల బ్యాక్టీరియా ఉన్నాయి. కొరత వాటిది కాదు, ఆక్సిజన్‌ది, అవి నిలబడటానికి చోటుది, టైముది. బయటి నుంచి పోసినవి పారే నీటితో పాటే పోతాయి. అమ్మేవాళ్లు "ముందు, తర్వాత" ఫొటోలు చూపిస్తారు, వాటి బదులు ఎగువ, దిగువ అమోనియా రీడింగులు ఒకే రోజు తీసినవి అడగండి.

మేమే శాంపిల్ తీయాలంటే?

శుభ్రమైన బాటిల్‌ను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, పారే చోట మూతి ఎగువ వైపు పెట్టి నింపండి. మీరు నిలబడి కెలికిన బురద అందులోకి రాకూడదు. ఐస్ డబ్బాలో పెట్టి ఆ రోజే ల్యాబుకు చేర్చండి, లేకపోతే దారిలోనే బాటిల్‌లోని బ్యాక్టీరియా అమోనియాను మార్చడం మొదలుపెడతాయి. ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత అక్కడికక్కడే చూడాలి. ఎన్ని గంటలకు తీశారో రాయడం మర్చిపోవద్దు, ఉదయం ఆరింటి రీడింగుకూ మధ్యాహ్నం మూడింటి రీడింగుకూ పోలికే ఉండదు. మురుగు కలిసే చోట గ్లౌజులు వేసుకోండి.